కుర్దుల జెండాలో సూర్యుడికి 21 కిరణాలే ఎందుకు?

మీరు అడిగింది రెండు ముక్కలు: కిరణాలు సరిగ్గా 21 ఎందుకు, ఆ జెండా ఎప్పటిది అని. కుర్దులంటే ఇరాక్, ఇరాన్, టర్కీ, సిరియాల్లో ఉండే, సొంత దేశం లేని జాతి. ఇరాక్‌లో వాళ్ల రాజధాని ఎర్బిల్‌లో ఒక కన్‌స్ట్రక్షన్ క్యాంపులో మూడేళ్లు పనిచేశాను, నాకు ఈ లెక్క తెలిసింది అక్కడే.

నౌరోజ్ పండగ ముందు క్యాంపు గోడ మీద జెండా వెయ్యమన్నారు. పైన ఎరుపు, నడుమ తెలుపు, కింద ఆకుపచ్చ వేసి మధ్యలో పసుపు సూర్యుణ్ణి గీశాను. చిన్నప్పటి నుంచి బడిలో అశోక చక్రం గీసిన చెయ్యి కదా, 24 కిరణాలు పడ్డాయి. స్టోర్ చూసే పెద్దాయన వచ్చి, గోడకు వేలు ఆనించి ఒక్కొక్కటే లెక్కపెట్టి, "కాకా, ఇరవై ఒకటి" అన్నాడు, అంతే. (మాకు కరీంనగర్ వైపు కాకా అంటే బాబాయి, వాళ్లకు అన్న.) ఆ రాత్రే మళ్లీ గీశాను, నిచ్చెన ఆయనే పట్టుకున్నాడు.

21 అంటే మార్చి 21, నౌరోజ్, వాళ్ల కొత్త సంవత్సరం. అక్కడ చాలామంది నోట విన్నది ఇదే. ముందు రోజు సాయంత్రం ఆక్రే ఊళ్లో కాగడాలు పట్టుకుని కొండెక్కుతారు, చూస్తే ఆ సూర్యుడు ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. ఎరుపు అమరుల రక్తం, తెలుపు శాంతి, ఆకుపచ్చ ఆ కొండలూ పచ్చికా.

జెండా పుట్టింది ఒట్టోమన్ సామ్రాజ్యం కూలాక, 1920ల నాటి కుర్దు ఉద్యమాల్లో. 1946లో ఇరాన్‌లోని మహాబాద్‌లో సొంత రిపబ్లిక్ పెట్టుకుని ఎగరేశారు, ఏడాది కూడా నిలవలేదు. దాని అధ్యక్షుడు ఖాజీ ముహమ్మద్‌ను 1947 మార్చి 31న, రిపబ్లిక్‌ను ప్రకటించిన అదే చౌరస్తాలో ఉరితీశారు. ఇప్పుడున్న రూపాన్ని ఇరాక్ కుర్దిస్తాన్ పార్లమెంట్ 1999లో చట్టం చేసి ఖాయం చేసింది. అంతకుముందు సూర్యుణ్ణి ఒక్కొక్కరు ఒక్కోలా వేసేవాళ్లు.

ఆ సంగతి నాకు పెద్దాయన ఇంట్లో ఒక పాత జెండా చూశాక అర్థమైంది. సద్దాం కాలంలో వాళ్లమ్మ పరుపులో పెట్టి కుట్టేసిన జెండా అది, 1991 తిరుగుబాటప్పుడు కుట్లు విప్పి బయటికి తీశారట. మడతల దగ్గర ఎరుపు వెలిసిపోయింది. అలవాటుగా కిరణాలు లెక్కపెట్టాను, పద్దెనిమిదే ఉన్నాయి. ఆయన వైపు చూశాను. "అప్పుడు మా అమ్మకు లెక్క చెప్పేవాళ్లు ఎవరున్నారు, కాకా" అని జాగ్రత్తగా మడిచి లోపల పెట్టేశాడు.