వస తరవాత, ముందు చెవి చూపించండి

ప్రశ్న: అక్కా, మాది నరసన్నపేట దగ్గర పల్లె. టెక్సాస్ వచ్చి నాలుగు నెలలైంది. బాబుకి పదహారు నెలలు. పిలిస్తే పలకడు. ఒక్కోసారి మాత్రం వెనక నుంచి వెళ్తే తిరిగి చూస్తాడు. మా మామగారికీ మాటలు ఆలస్యంగానే వచ్చాయి, కంగారు పడొద్దంటున్నారు ఊళ్ళో. కొన్నాళ్ళు పిల్లాణ్ణి తమ దగ్గరికి పంపెయ్యమంటున్నారు కూడా. మేం వీసా మీద ఉన్నాం. ఇక్కడ ఎవర్ని అడగాలి?

చెల్లీ, మీ మామగారికి మాటలు ఎప్పుడొచ్చాయన్నది పక్కన పెట్టు. ముందు బాబుకి చెవి పరీక్ష చేయించు.

మాది విజయనగరం, కోట దగ్గర. మా అమ్మాయికి ఇప్పుడు పదిహేనేళ్ళు, రెండు చెవులకీ మిషన్లు. దానికి ఏడాది నిండినా మాట రాకపోతే మా అత్త ఫోన్లో అడిగిన మొదటి మాట, "గుంటకి వస పొయ్యలేదేటి?" అని. పోశాం. ఊరి నుంచి వసకొమ్ము తెప్పించి, అరగదీసి నాలిక మీద రాశాం. పిల్లల డాక్టరు కూడా "రెండు భాషల ఇల్లు కదా, చూద్దాం" అన్నాడు. అలా చూస్తూ ఆరు నెలలు పోయాయి.

నువ్వు రాసిన "ఒక్కోసారి తిరుగుతాడు" అన్నదే నన్ను పట్టుకుంది. మేమూ అక్కడే మోసపోయాం. గిన్నె మీద గరిటతో కొడితే మా పిల్ల తిరిగేది. వినిపిస్తోంది కదా అని మేం సంబరపడేవాళ్ళం. ఇక్కడి అపార్ట్‌మెంట్లలో కింద చెక్క నేల. మనం అడుగేసినా, గిన్నె పడినా ఆ అదురు పిల్ల కాళ్ళకి తెలుస్తుంది. మన ఊళ్ళో గచ్చు మీద అయితే తిరిగేది కాదేమో. చప్పట్లు కొడితే చెయ్యి నీడ కనిపిస్తుంది, గాలి తగులుతుంది. ఇంట్లో చేసే పరీక్షలు నమ్మొద్దు.

ఇక్కడ పుట్టిన పిల్లలకి ఆసుపత్రి నుంచి ఇంటికి పంపే ముందే వినికిడి పరీక్ష చేస్తారు. నెలలోపు పరీక్ష, మూడు నెలలలోపు నిర్ధారణ, ఆరు నెలలలోపు సాయం మొదలవ్వాలి, 1-3-6 అంటారు దీన్ని. మీవాడు శ్రీకాకుళంలో పుట్టాడు కాబట్టి అది జరిగిందో లేదో కాగితాల్లో చూడు. జరిగి, పాస్ అయినా సరే మళ్ళీ చేయించాలి. కొందరికి వినికిడి తరవాత తగ్గుతుంది.

పిల్లల ఆడియాలజిస్టు, అంటే వినికిడి పరీక్షించే నిపుణుల దగ్గర రెండు రకాలుగా చూస్తారు. నిద్రపోతుండగా తలకి చిన్న తీగలు అంటించి, శబ్దానికి మెదడు ఎలా స్పందిస్తోందో చూసేది ఏబీఆర్. నొప్పేమీ ఉండదు. రెండోది గదిలో. నువ్వు బాబుని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటావు. పక్కనుంచి శబ్దం వస్తుంది. వాడు అటు తిరిగితే నల్ల డబ్బాలో లైటు వెలిగి, కోతిబొమ్మ డప్పు కొడుతుంది. మా పిల్ల శబ్దం కోసం కాదు, కోతి కోసమే డబ్బా వంక చూస్తూ కూర్చుంది. పరీక్ష చేసేవాళ్ళకి ఇవన్నీ తెలుసు, కంగారు పడకు. ఒకటి మాత్రం గుర్తుంచుకో: ఆ గదిలో శబ్దం వచ్చినప్పుడు నువ్వు కదలకూడదు. నీ ఒళ్ళు బిగుసుకుంటే పిల్లాడికి తెలిసిపోతుంది.

"మీరిద్దరూ బంధువులా?" అని అడుగుతారు. మేనరికమైతే మేనరికమనే చెప్పండి. పుట్టుకతో వచ్చే చెవుడుకి కనెక్సిన్ 26 అనే ప్రోటీన్ని తయారుచేసే జన్యువులో మార్పు తరచుగా కనబడే కారణం. అది తల్లి నుంచీ తండ్రి నుంచీ, ఇద్దరి నుంచీ వస్తేనే సాధారణంగా బయటపడుతుంది. కాబట్టి ఊరి నుంచి ఎవరైనా తప్పు నీ ఒక్కదాని మీదే వేస్తే ఈ సంగతి మీ ఆయన చేతే చెప్పించు.

ఇక సాయం. చెవి పరీక్ష తేదీ దొరికేదాకా ఆగక్కర్లేదు. ఎదుగుదలలో వెనకబడ్డ మూడేళ్ళలోపు పిల్లలకి సాయం చేసే ప్రభుత్వ కార్యక్రమం ప్రతి రాష్ట్రంలోనూ ఒకటి ఉంటుంది. టెక్సాస్‌లో దాన్ని ఈసీఐ అంటారు, ఇక్కడ మా కాలిఫోర్నియాలో ఎర్లీ స్టార్ట్. డాక్టరు చీటీ అక్కర్లేదు, తల్లే ఫోన్ చేసి అడగొచ్చు. అడిగిన రోజు నుంచి 45 రోజుల్లో పరీక్షలు, మొదటి మీటింగు అయిపోవాలి. అందుకే ఫోన్ చేసిన రోజే ఒక ఈమెయిలు కూడా పంపు, తేదీ ఉంటుంది. ఈ కార్యక్రమం వాళ్ళు చేసే పరీక్షకి డబ్బు తీసుకోరు. తరవాత సేవలకి కొన్ని రాష్ట్రాల్లో ఆదాయాన్ని బట్టి కొంత కట్టాలి. టెక్సాస్‌లో మరో మేలు, వినికిడి తగ్గిన పిల్లలకి పుట్టినప్పటి నుంచే బధిర పిల్లలకి పాఠాలు చెప్పే స్కూలు ఉపాధ్యాయులు కూడా చెయ్యి వేస్తారు.

ఈ కార్యక్రమం వాళ్ళు ఇంటికే వస్తారు. మొదటిసారి మా ఇంటికి టీచరమ్మ వస్తుందంటే ఇల్లంతా సర్ది, బొమ్మలన్నీ కొత్తవి పెట్టి, జంతికలు పళ్ళెంలో సర్దాను. ఆవిడ వచ్చి నేల మీద చతికిలపడి, ఆ బొమ్మలు పక్కకి నెట్టి, "మీ వంటింట్లో రోజూ ఏం పట్టుకుంటుంది?" అంది. పప్పుగుత్తి తెచ్చి ఇచ్చాను. గంటసేపు పప్పుగుత్తే పాఠం. అది తిప్పుతూ, పిల్ల ముఖానికి ఎదురుగా ముఖం పెట్టి మాట్లాడటం నాకు నేర్పింది. ఆ క్లాసు పిల్లకి కాదు, నాకు.

మూడేళ్ళు నిండగానే మీ ప్రాంతం బడులు నడిపే స్కూల్ జిల్లా చూసుకుంటుంది, ఉచితంగా. ఐఈపీ అంటే పిల్లాడి కోసం విడిగా రాసే చదువు ప్రణాళిక, దానికి ఏడాదికోసారి మీటింగు. టెక్సాస్‌లో ఆ మీటింగుని ఏఆర్‌డీ అంటారు. ఎదురుగా ఏడెనిమిది మంది కూర్చుంటారు, మనకి గొంతు ఎండిపోతుంది. తెలుగు దుబాసీ కావాలంటే ముందే అడగండి, ఇవ్వడం వాళ్ళ బాధ్యత. చివర్లో సంతకం పెట్టమంటే "ఇంటికి తీసుకెళ్ళి చదువుకుంటాం" అనొచ్చు, మర్యాద తప్పినట్టు కాదు.

వీసా భయం: వీసా ఏదైనా, అసలు కాగితాలే లేకపోయినా, పిల్లల్ని బడికి రానివ్వాలని 1982లోనే సుప్రీంకోర్టు చెప్పింది. పిల్లాడికి బడి ఇచ్చే సేవ దానం కాదు, చట్టం. మెడికెయిడ్, అంటే తక్కువ ఆదాయం వాళ్ళకి ప్రభుత్వ వైద్య బీమా, దాని సంగతి వేరు, అది మీ లాయరుని అడిగి తీసుకోండి. చెవి మిషన్లకి ఇన్సూరెన్సు ఇవ్వాలని చాలా రాష్ట్రాల్లో చట్టముంది, కానీ కంపెనీ సొంత డబ్బుతో నడిపే ప్లాన్లకి అది వర్తించదు. మన సాఫ్ట్‌వేర్ వాళ్ళలో చాలామందివి అవే. కాదంటే అప్పీలు పెట్టండి, హెచ్ఆర్‌ని కదపండి.

పిల్లాణ్ణి ఊరికి పంపెయ్యడం గురించి. వద్దు. మన దగ్గర ఏమీ లేదని కాదు, ఆరోగ్యశ్రీ కింద చాలామంది పిల్లలకి కాక్లియర్ ఇంప్లాంట్లు, అంటే ఆపరేషన్ చేసి చెవి లోపల అమర్చే పరికరాలు, పెట్టారు. కానీ మిషనైనా ఇంప్లాంటైనా పెట్టాక అసలు పని మొదలవుతుంది. సర్దుబాట్ల కోసం మళ్ళీ మళ్ళీ వెళ్ళాలి. పసిపిల్లల చెవి పెరుగుతుంటే చెవిలో పెట్టే మిషను అచ్చు వదులై కుయ్యిమని ఈల వేస్తుంది, కొన్ని నెలలకే కొత్తది చేయించాలి. నరసన్నపేట నుంచి ప్రతిసారీ విశాఖకి పరిగెత్తడం మీ అత్తమామల వల్ల అవుతుందా? అంతకన్నా, ఈ వయసులో వాడు భాష నేర్చుకోవాల్సింది నీ ముఖం చూసి.

భాష అంటే గుర్తొచ్చింది. ఒక థెరపిస్టు మాతో "ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండి" అంది. ఏడాది పాటు తెలుగు మానేశాం. నా వచ్చీరాని ఇంగ్లీషులో పిల్లతో నాకే మాటలు దొరికేవి కావు. వినికిడి తగ్గిన పిల్లలు కూడా రెండు భాషలు నేర్చుకోగలరు. తెలుగు మానొద్దు. సైగల భాష నేర్పితే మాట రాదన్న భయమూ వట్టిదే. ఏదో ఒక భాష చేతికి ముందు అందాలి. ఇక్కడి అమెరికన్ సైన్ లాంగ్వేజ్ మూలాలు 1817లో హార్ట్‌ఫర్డ్‌లో పెట్టిన బధిరుల బడిలో, ఫ్రెంచి సైగల్లో ఉన్నాయి. మన ఇండియన్ సైన్ లాంగ్వేజ్ వేరు.

మనుషుల్ని వెతుక్కో. హ్యాండ్స్ అండ్ వాయిసెస్ అని తల్లిదండ్రుల సంస్థ, 1996లో కొలరాడోలో మొదలై చాలా రాష్ట్రాలకి పాకింది. ఆస్టిన్‌లో 1856లో పెట్టిన టెక్సాస్ స్కూల్ ఫర్ ది డెఫ్ ఉంది. అక్కడ బయట కుటుంబాలకీ శిబిరాలు, సైగల క్లాసులు ఉంటాయి. పెద్ద వయసు బధిరులు ఇంటికొచ్చి నేర్పే పథకాలు కూడా కొన్ని రాష్ట్రాల్లో ఉన్నాయి, అడుగు. మా ఇంటికి అలా ఒకావిడ వచ్చింది. కారు తనే నడుపుకుంటూ వచ్చింది, ఆఫీసులో మేనేజరు. మా వీధిలో ఇస్త్రీ బండి అతన్ని నా చిన్నప్పుడు అందరూ "మూగోడు" అనేవారు. అతని పేరేమిటో ఇప్పటికీ నాకు తెలీదు. ఆవిడ ముందు కూర్చున్న రోజు అతనే గుర్తొచ్చాడు.

తెలుగు సంఘం సంక్రాంతికి కూడా వెళ్ళండి, పిల్లాణ్ణి దాచొద్దు. తెలుగు బడిలో ముందు వరస, బోర్డు వైపు తిరిగి మాట్లాడొద్దని పంతులుగారికో మాట, చాలు. ఊరెళ్ళినప్పుడు బ్యాటరీలు, తేమ పీల్చే డబ్బా మర్చిపోకు, మన చెమటకి మిషన్లు ఆగవు. సిరిమాను జాతరకి మా పిల్లని తీసుకెళ్తే ఆ గోలకి మిషన్లు తీసి నా చేతిలో పెట్టింది. తరవాత తప్పెటగుళ్ళ బృందం దగ్గర నిలబడి, ఒకాయన గుండె మీది తప్పెట మీద అరచెయ్యి ఆనించి, ఆట అయ్యేదాకా తియ్యలేదు.

మీ అత్తగారితో వీడియో కాల్ అలవాటు చెయ్యి. మా అమ్మ మొదట్లో ఫోన్ చెవికి పెట్టుకునేది, మాకు కనబడేది ఆవిడ దుద్దు ఒక్కటే. ఇప్పుడు కిటికీకి ఎదురుగా కూర్చుని, చెంబుకి ఫోన్ ఆనించి, "తిన్నావేటి?" అని నోటితోనూ చేత్తోనూ అడుగుతుంది.

సోమవారం ఈసీఐకి ఫోన్ చెయ్యి. ఆడియాలజిస్టు ఇచ్చే గ్రాఫ్ కాగితం ఫోటో తీసి పంపు. పై నుంచి కిందకి డెసిబెల్స్, అంటే శబ్దం ఎంత గట్టిదో; ఎడమ నుంచి కుడికి బొంగురు శబ్దాల నుంచి కీచు శబ్దాల దాకా. మిగతాది కలిసి చదువుదాం.