పాఠకుల ప్రశ్నలు: ఎసరు తెర్లే సినిమా

మెక్సికో సినిమా ‘కోమో ఆగ్వా పారా చొకొలాతె’ (1992) మీద వచ్చిన ప్రశ్నలకే ఈసారి చోటు. లారా ఎస్కివెల్ 1989లో రాసిన నవలకు ఆమే స్క్రీన్‌ప్లే రాసింది, అల్ఫోన్సో అరావ్ తీశాడు. టెక్సాస్ సరిహద్దున ఉన్న పియెద్రాస్ నెగ్రాస్‌లో ఒక ఇల్లు. కడగొట్టు బిడ్డ పెళ్లి చేసుకోకుండా తల్లి పోయేదాకా సేవ చేయాలన్నది ఆ ఇంటి ఆచారం. ఆ బిడ్డ తీతా. ఆమెను ప్రేమించిన పేద్రో, ఆ ఇంట్లోనే ఉండొచ్చని ఆమె అక్క రొసౌరాను చేసుకుంటాడు.

‘చాకొలెట్ కోసం నీళ్లలా’... ఇదేం పేరండీ? ఆ చాకొలెట్ మన ఇంట్లో కుదురుతుందా? – మిర్యాలగూడ

మెక్సికోలో చాకొలెట్ తాగే వస్తువు. పాలతోనూ చేస్తారు, నీళ్లతోనూ చేస్తారు. నీళ్లు బాగా తెర్లాలి. కోపంతోనో కోరికతోనో మనిషి లోపల కుతకుతలాడుతుంటే అక్కడ ఈ మాట వాడతారు. ఎసరు తెర్లి మూత ఎగిరే క్షణం అనుకోండి.

ఇద్దరికి 400 మి.లీ. నీళ్లు, 60–70 గ్రాముల డార్క్ చాకొలెట్, చిన్న దాల్చినచెక్క ముక్క చాలు. చెక్క వేసి నీళ్లు తెర్లగానే దించి, చాకొలెట్ తురిమి వేసి కవ్వంతో చిలకండి. అక్కడ వాడే ‘మొలినియో’ మన చెక్క కవ్వానికి చుట్టమే, అరచేతుల మధ్య తిప్పుతారు. పూర్తిగా కరిగాక మళ్లీ పొయ్యి మీద పెట్టండి. నురగ పొంగి అంచుకు రాగానే దించండి. ఇలా మొత్తం మూడు పొంగులు రావాలి. చివరగా గట్టిగా చిలికి, నురగతో సహా కప్పుల్లో సగం పోసి, మిగిలింది మళ్లీ చిలికి పోయండి.

పైన నూనె తేలిందంటే చిలకడం చాలలేదు. ‘కాంపౌండ్’ అని రాసిన బిళ్లలో కోకో వెన్నకు బదులు వేరే కొవ్వు ఉంటుంది, నోటికి మైనంలా తగులుతుంది. డ్రింకింగ్ చాకొలెట్ డబ్బా పొడిలో చక్కెరే ఎక్కువ. కోకో పొడి అయితే ముందు రెండు చెంచాల చల్లనీళ్లలో కలుపుకోండి, నేరుగా మసిలే నీళ్లలో పోస్తే ఉండలు కడుతుంది.

గులాబి రేకుల కౌజు పిట్టల వంట మన సామాన్లతో చేయొచ్చా? – దేవరకొండ

నవలలో కొలత ఇదీ: 6 పిట్టలు, 12 గులాబీలు, 12 చెస్ట్‌నట్‌లు, రెండు వెల్లుల్లి రెబ్బలు, ఒక పితాయా పండు. వెన్న, మొక్కజొన్న పిండి, సోంపు, తేనె రెండేసి చెంచాలు. గులాబి అత్తరు రెండు చుక్కలు, అంతకు మించితే తినలేం.

ఫారంలో పెంచిన కౌజులే కొనండి, అడవి పిట్టలను పట్టడం నేరం. పితాయా అంటే బ్రహ్మజెముడు జాతి పండు, ఇప్పుడు మన దిక్కు తోటల్లో కాసే డ్రాగన్ ఫ్రూట్ దాని బంధువే. ఎర్ర గుజ్జు ఉన్నదే తీసుకోండి, ఎందుకంటే రేకులు ఉడికితే రంగు మాడి గోధుమగా తిరుగుతాయి. నాలుగు నిమ్మచుక్కలు పడితే ఎరుపు కొంత నిలుస్తుంది. చెస్ట్‌నట్ దొరక్కపోతే ఉడికించిన మొరంగడ్డ 100 గ్రాములు సరిపోతుంది. పూలకొట్టు గులాబీలు వద్దు, మందు కొట్టి ఉంటాయి, వాసనా ఉండదు. ఇంటి నాటు గులాబీ కోసి, రేకు మొదట్లోని తెల్లభాగం గిల్లేయండి, అది చేదు. అంగట్లో అమ్మే అత్తరు ఒంటికి పూసుకునేది, దాని బదులు వంటకు వాడే పన్నీరు (గులాబి నీళ్లు) ఒక చెంచా వేయండి.

పిట్టలను వెన్నలో ఎర్రగా వేయించి, మూతపెట్టి సన్నమంట మీద 12–15 నిమిషాలు మగ్గనివ్వండి. లోపల గులాబిరంగు పోతే చాలు, ఇంకా ఉంచితే పీచు కడతాయి. రేకులు, సోంపు కలిపి నూరి, వెల్లుల్లి వేగిన వెన్నలో మిగతా సరుకుతో చిక్కబరచి వడగట్టి, పిట్టలను అందులో పది నిమిషాలు నానబెట్టండి. సినిమాలో ఇది తిన్న తీతా ఇంకో అక్క గెర్ట్రూడిస్ ఒంటి వేడికి స్నానపు గదే తగలబడుతుంది. మన ఇళ్లలో తగలబడేది వెల్లుల్లే. మంట తగ్గించండి.

మా మిత్రులం తెలుగు సబ్‌టైటిల్స్ రాస్తున్నాం. పేద్రోను తీతా ఏమని పిలవాలి? అక్షరాలు డబ్బాలుగా పడుతున్నాయి కూడా. – మహబూబ్‌నగర్

పేద్రో అనే ఉంచండి. అక్క మొగుడు కాబట్టి ‘బావా’ అని రాయబుద్ధవుతుంది, కానీ మనకు మేనబావా బావే. ఆ పిలుపులోనే సరసం ఉంది, ఇంటిల్లిపాదీ నవ్వుతూ ఒప్పుకునే సరసం. తీతాకు అదే లేదు. దాచాల్సిన మాటను మీరు ముందే బయట పెట్టేస్తారు. తల్లి ఎలేనాను మాత్రం ‘మీరు’ అనిపించండి. మన ఇళ్లలో అమ్మను ‘నువ్వు’ అంటాం, నిజమే. ఆ ఇంట్లో భయం అంత ఉంది మరి.

డబ్బాలంటే ఫైలును యూటీఎఫ్-8 (తెలుగు అక్షరాలు నిలిచే ఎన్‌కోడింగ్)లో సేవ్ చేయలేదన్నమాట, లేదా ప్లేయర్‌కు తెలుగు ఫాంట్ చూపలేదు. రెండు వరుసలు మించొద్దు, వరుసకు 35 అక్షరాల లోపు. పై వరుస వత్తులు కింది గుడులను తాకుతుంటే వరుసల ఎడం పెంచండి. మాటలు మొదటినుంచీ ఒకే తేడాతో ఉంటే మొత్తం జరిపితే చాలు. పోనుపోను తేడా పెరుగుతుంటే ఫ్రేమ్‌రేటు కలవలేదు: సెకనుకు 24కు రాసింది 25 ఫ్రేముల కాపీకి పెడితే 105 నిమిషాల సినిమాలో చివరికి నాలుగు నిమిషాలకు పైగా వెనకబడుతుంది. నలుగురిలో ప్రదర్శించేట్టయితే హక్కుదారు అనుమతి వేరే తీసుకోవాలి, ఇంటి ఓటీటీ చందా దానికి పనికిరాదు.

పిల్లలతో చూడొచ్చా? నవల ముందు చదవాలా? – వనపర్తి

చిన్నపిల్లలతో వద్దు, నగ్న దృశ్యాలున్నాయి. 2024లో మొదలైన సిరీస్ వేరు, వెతికేటప్పుడు సంవత్సరం చూసుకోండి.

ముందు సినిమా చూసి, తర్వాత నవల పట్టుకోండి. నవల జనవరి నుంచి డిసెంబరు దాకా పన్నెండు అధ్యాయాలు, నెలకో వంట. సినిమాలో ఆ లెక్క కరిగిపోయింది. అక్క పెళ్లి కేకు పిండిలో తీతా కన్నీళ్లు పడటం తెర మీద చూస్తాం, విందుకొచ్చిన వాళ్లంతా ఏడ్చి కక్కుకుంటారు. నవలలో అయితే కేకుకు 17 గుడ్లు, 180 మందికి పదింతలు, అంటే 170 గుడ్లు ఆమె ఒక్కొక్కటే పగలగొడుతుంటే మనమూ లెక్కపెడుతూ కూర్చుంటాం.