ఫంక్షన్ హాల్లో ఫొటోలు మసకగా వస్తుంటే

సోనీ డబ్ల్యూ830తో పెళ్లిలో తీసిన ఫొటోలు మసకగా వచ్చాయి, కెమెరా మార్చాలా అని అడిగారు కదా. తొందరపడకండి. జూమ్ చేయనప్పుడు దాని లెన్స్ ఎఫ్3.3, 8 రెట్లు జూమ్ చేస్తే ఎఫ్6.3 (ఈ ఎఫ్ అంకె పెరిగేకొద్దీ లెన్స్ లోపలికి రానిచ్చే వెలుతురు తగ్గుతుంది). అంటే లోపలికి వచ్చే వెలుతురు పావు వంతుకు దగ్గరగా పడిపోతుంది. దాంతో షట్టర్ నెమ్మదిస్తుంది, అంటే ఫొటో పడటానికి ఎక్కువసేపు పడుతుంది, చెయ్యి కాస్త కదిలినా మసకే. హాల్లో జూమ్ ముట్టుకోకుండా మీరే దగ్గరికి వెళ్లండి. సెట్టింగులు మార్చుకోనిచ్చే ప్రోగ్రామ్ మోడ్‌లో ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా సున్నితత్వం) 800 దాటనివ్వకండి, దాటితే చీర అంచు జరీ కూడా అలుక్కుపోతుంది. పగటి వెలుతురులో మాత్రం ఆ ధరకు చక్కని కెమెరా.

ఇంకా మార్చాలనే ఉంటే, సెకండ్‌హ్యాండ్‌లో 2012 నాటి సోనీ ఆర్‌ఎక్స్100 కెమెరా చూడండి. వెలుతురును పట్టే సెన్సర్ డబ్ల్యూ830 దానికంటే దాదాపు నాలుగు రెట్లు పెద్దది, జూమ్ చేయనప్పుడు లెన్స్ ఎఫ్1.8. కొనేముందు పూర్తిగా జూమ్ చేసి తెల్లగోడను ఫొటో తీయండి. మచ్చలు కనిపిస్తే లోపల దుమ్ము చేరినట్టే, వదిలేయండి.