పాఠకుల ప్రశ్నలు: కొత్త హై గెయిన్ ట్యూబు యాంపు

ప్రశ్న: నేను రాయగడలో కాలేజీ మిత్రులతో కలిసి రాక్ బ్యాండులో గిటారు వాయిస్తాను. ఇంతకాలం చిన్న ట్రాన్సిస్టరు యాంపుతో సరిపెట్టుకుని, ఈమధ్యే విశాఖపట్నంలో యాభై వాట్ల హై గెయిన్ ట్యూబు యాంపును (గాజు వాక్యూమ్ ట్యూబులతో గిటారు ధ్వనిని పెంచే యాంప్లిఫయరును), నాలుగు స్పీకర్ల క్యాబినెట్టును కొని పార్వతీపురం మీదుగా బస్సులో తెచ్చుకున్నాను. అయితే మొదటి అనుభవం నిరాశ కలిగించింది. గెయిన్ (గిటారు సంకేతాన్ని ఎంత పెంచాలో నిర్ణయించే నాబ్) పూర్తిగా పెడితే ధ్వని సన్నగా, గరగరగా ఉంది. వాయించనప్పుడు హోరు వినిపిస్తోంది. ఇంట్లో బాగుందనిపించిన ధ్వని బ్యాండుతో వాయిస్తే అసలు వినబడటం లేదు. పగటికంటే రాత్రి ఏడెనిమిది గంటలకు ధ్వని మెత్తబడుతోంది. పెద్ద ట్యూబుల గాజు మీద నీలి వెలుగు కూడా కనిపిస్తోంది. దీన్ని దుకాణానికి వాపసు చేయమంటారా?
– ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: ఇప్పుడే వాపసు చేయకండి. మీరు రాసిన వాటిలో యాంపు లోపమని నిశ్చయంగా చెప్పదగినది ఒక్కటీ లేదు. చాలావరకు ఇవి గెయిన్ నాబ్‌ను ఎక్కడ పెట్టారు, కరెంటు ఎలా వస్తోంది అన్న రెండు విషయాల మీద ఆధారపడినవి.

ముందుగా గెయిన్ సంగతి. ఇలాంటి యాంపులో ముందు భాగాన ఉండే 12ఏఎక్స్7 ట్యూబులు ఒక్కొక్కదానిలో రెండేసి విభాగాలు ఉంటాయి. ఒక్కో విభాగం గిటారు నుంచి వచ్చే బలహీనమైన సంకేతాన్ని సుమారు యాభై రెట్లు పెంచగలదు. అలాంటి విభాగాలను మూడు నాలుగు వరుసగా కలిపి, మధ్యమధ్య కొంత తగ్గిస్తూ, మిగిలినదాన్ని తరువాతి ట్యూబు భరించలేనంతగా పంపడమే హై గెయిన్ యాంపు చేసే పని. 1987లో వచ్చిన సోల్డానో ఎస్ఎల్ఓ-100, 1992లో వచ్చిన పీవీ 5150 ఈ పద్ధతికి పేరుపడ్డ ఉదాహరణలు. గెయిన్‌ను చివరిదాకా తిప్పినప్పుడు సంకేతం పైనా కిందా పూర్తిగా కోసుకుపోతుంది కాబట్టి, తీగను మెల్లగా మీటినా గట్టిగా మీటినా తేడా తెలియదు, మీటులోని తాకిడి చెరిగిపోయి గరగర ఒక్కటే మిగులుతుంది. 1981లో వచ్చిన మార్షల్ జేసీఎం800లో నేటి యాంపులంత గెయిన్ లేదు; అయినా ఆ దశాబ్దపు హెవీ మెటల్ వాద్యకారులు ఎందరో దాన్నే, చాలాసార్లు ముందు ఒక ఓవర్‌డ్రైవ్ పెడల్ (సంకేతాన్ని యాంపుకు చేరకముందే పెంచే చిన్న పెట్టె) పెట్టుకుని, వాడుకున్నారు. మీరు గెయిన్‌ను సగానికి తగ్గించి, మొత్తం శబ్దాన్ని నిర్ణయించే మాస్టర్ వాల్యూమ్‌ను కాస్త పెంచి వినండి. మొదట బలం తగ్గినట్టు అనిపించినా, ప్రతి స్వరం విడిగా నిలబడటం మీకే తెలుస్తుంది.

బ్యాండులో మీ గిటారు వినబడకపోవడానికి కారణం కూడా దీనికి దగ్గరిదే. తక్కువ శబ్దంలో మన చెవి బాస్‌ను, ట్రెబుల్‌ను తక్కువగా వింటుంది. అందుకే ఇంట్లో ఒంటరిగా వాయించేటప్పుడు ఆ రెండూ పెంచి, మిడిల్ తగ్గించాలనిపిస్తుంది. బ్యాండులోకి వచ్చేసరికి కింది స్థాయిని బాస్ గిటారు, డ్రమ్ములు ఆక్రమిస్తాయి, పై స్థాయిని డ్రమ్ములతో ఉండే సింబల్స్ మోత కప్పేస్తుంది. గిటారుకు మిగిలే చోటు మధ్యలోనే ఉంది. ఆ మధ్యభాగాన్నే మీరు తీసేసి ఉంటారు. మిడిల్‌ను సగానికి పైగా పెట్టి, బాస్ తగ్గించి, మిత్రులతో కలిసి వాయించేంత శబ్దంలోనే సరిచూసుకోండి. ఒంటరిగా విన్నప్పుడు ఆ అమరిక కొంచెం మొద్దుగా తోచినా ఫరవాలేదు. ఇలాంటి యాంపు మీద తొలి తీర్పు ఇవ్వవలసింది బ్యాండు మధ్యలోనే అని నేను గట్టిగా నమ్ముతాను.

హోరు విషయానికి వస్తే, సంకేతాన్ని వేల రెట్లు పెంచే యంత్రం దానితో వచ్చే చిన్న సవ్వడినీ అన్ని రెట్లు పెంచుతుంది. గిటారు కేబుల్‌ను యాంపు నుంచి ఊడదీసి వినండి. హోరు చాలావరకు తగ్గితే అది గిటారు నుంచి వస్తున్నది. సింగిల్ కాయిల్ పికప్పులున్న (తీగల కంపనాన్ని పట్టే పికప్పులో ఒకే తీగచుట్ట ఉన్న) గిటారును పట్టుకుని దిక్కు మార్చి నిలబడితే గుంయ్‌మనే శబ్దం హెచ్చుతగ్గులవడం మీరే గమనిస్తారు. తగ్గకపోతే మొదటి ట్యూబును అనుమానించాలి, ఎందుకంటే అక్కడ పుట్టిన సవ్వడిని తరువాతి విభాగాలన్నీ పెంచుతాయి. ఘాట్ రోడ్డు కుదుపులకు ట్యూబులు సాకెట్లలో కదిలిపోవడం కూడా సాధారణమే. యాంపు ఆపి, ప్లగ్గు తీసి, పూర్తిగా చల్లారాక ప్రతి ట్యూబునూ నిటారుగా నెమ్మదిగా నొక్కి కూర్చోబెట్టండి. లోపలి పెట్టెను మాత్రం తెరవవద్దు. అందులో నాలుగువందల వోల్టులకు పైగా ఉంటుంది, కెపాసిటర్లు ప్లగ్గు తీశాక కూడా దాన్ని కొంతసేపు నిలుపుకుంటాయి.

రాత్రి ధ్వని మెత్తబడటం మీ భ్రమ కాదు. ట్యూబులను లోపల వేడిచేసే ఫిలమెంటుకు 6.3 వోల్టులు అందాలి. ఇంటికి రావలసిన 230 వోల్టులు రాత్రి వాడకం పెరిగి 200కు పడిపోతే ఫిలమెంటుకు అయిదున్నరే అందుతుంది, లోపలి హెచ్చు వోల్టేజీ కూడా అదే నిష్పత్తిలో తగ్గుతుంది. అప్పుడు యాంపు బలం సడలుతుంది. వోల్టేజీ హద్దు దాటి పెరిగితే ట్యూబుల ఆయువే తగ్గుతుంది. కాబట్టి తగిన సామర్థ్యమున్న స్టెబిలైజరు కొనుక్కోండి. పాత రకం స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు మీద నడపవద్దు. మూడో పిన్నుకు నిజంగా ఎర్తు ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత తప్పక చూపించండి. ఇది ధ్వని కోసం కాదు, మీ ప్రాణం కోసం.

గాజు లోపలి గోడ మీద నీలి వెలుగు సహజమే, దాని గురించి దిగులు పడకండి. లోపలి లోహపు రేకు ఎర్రగా కాలుతున్నట్టు కనబడితే మాత్రం వెంటనే ఆపేసి, బయాస్ (ఆ ట్యూబుల్లో పారే కరెంటును అదుపు చేసే అమరిక) సరిచేయగల మెకానిక్కుకు చూపాలి.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా అన్నయ్య తన ట్యూబు యాంపును నాకు పంపుతానంటున్నాడు. ఇక్కడ నేరుగా పెట్టుకోవచ్చా?
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: నేరుగా పెట్టవద్దు. అక్కడి కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జులు. మనది 230 వోల్టులు, 50 హెర్ట్జులు. కొన్ని యాంపుల్లో వోల్టేజీ మార్చుకునే ఏర్పాటు ఉంటుంది, కనుక వెనుక పలక మీద ఏం రాసి ఉందో ముందుగా మీ అన్నయ్యను చూసి చెప్పమనండి. లేకపోతే 230 వోల్టులను 120కి తగ్గించే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. యాభై వాట్ల యాంపుకు దాని సామర్థ్యం 500 వీఏ (వోల్ట్ ఆంపియర్లు) ఉంటే నిశ్చింత. 60 హెర్ట్జులకు మాత్రమే తయారైన పవర్ ట్రాన్స్‌ఫార్మర్ మన కరెంటు మీద ఎక్కువగా వేడెక్కవచ్చు, కాబట్టి అలాంటిదైతే పంపవద్దనడమే మేలు.

ప్రశ్న: ఇరుగుపొరుగుకు ఇబ్బంది కాకుండా రాత్రిపూట స్పీకరు తీగ తీసేసి, ట్యూబు యాంపు వెనుక ఉన్న ఎఫెక్ట్స్ సెండ్ (బయటి ఎఫెక్టు పెట్టెలకు సంకేతం పంపే రంధ్రం) నుంచి హెడ్‌ఫోనులో వినవచ్చా?
– ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: వద్దు. స్పీకరు లేకుండా వాయిస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజీ విపరీతంగా పెరిగి అది కాలిపోవచ్చు, దానితో పవర్ ట్యూబులూ పాడవుతాయి. స్పీకరుకు బదులుగా యాంపు వాట్లను భరించగల లోడ్ బాక్సును, యాంపు వెనుక రాసి ఉన్న ఓమ్‌లకు సరిపోయేదాన్ని కొని, స్పీకరు తీగతోనే కలపండి. గిటారును యాంపుకు కలిపే కేబుల్ ఆ పనికి పనికిరాదు. హెడ్‌ఫోను సౌకర్యం, స్పీకరు క్యాబినెట్టు ధ్వనిని అనుకరించే ఏర్పాటు ఉన్న లోడ్ బాక్సునే ఎంచుకోండి, లేకపోతే చెవిలో గరగర తప్ప మరేమీ వినబడదు.