బోరు నీళ్ల కేసు వేసే ముందు: బిడ్డకు పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవి శ్రావణికి, పెద్దమ్మ ఆశీస్సులు.

మీ కాలనీ బోర్లలో నీళ్లు పచ్చగా వస్తున్నాయనీ, వెనక గోడ అవతల మూతబడ్డ మందుల ఫ్యాక్టరీ స్థలాన్ని ఎవరో బిల్డరు బేరమాడుతున్నాడనీ రాశావు. అసోసియేషన్ వాళ్లు కేసు వేద్దామంటున్నారట. వేయండి బిడ్డా. అయితే దానికి ముందు చేయాల్సిన పని చాలా ఉంది, అదంతా ఆ స్థలం చేతులు మారకముందే కావాలి. జేసీబీలు దిగి ఆ మట్టిని లారీలకెత్తాక మన దగ్గర చూపించడానికి ఏమీ ఉండదు.

కంపెనీ నిర్లక్ష్యాన్ని ఎలా నిరూపిస్తామని అడిగావు. ఆ బరువు మన మీద లేదు. 1985లో ఢిల్లీలో ఓలియం గ్యాస్ లీకైన కేసులో సుప్రీంకోర్టు ఈ మాట తేల్చేసింది: ప్రమాదకరమైన పని మీద లాభం తీసుకునే సంస్థ దానివల్ల జరిగిన నష్టమంతా భరించాలి, మేం జాగ్రత్తగానే ఉన్నామన్న వాదన చెల్లదు. పర్యావరణ కేసులు వినడానికే పెట్టిన గ్రీన్ ట్రిబ్యునల్ 2010 నాటి చట్టం 17వ సెక్షన్‌లోనూ తప్పు ఎవరిదని చూడకుండా బాధ్యత పెట్టే నియమం ఉంది. మీరు చూపాల్సింది ఒక్కటే, మీ నీళ్లలోని రసాయనం ఆ గోడ అవతలి నుంచే వచ్చిందని. కేసులు నెగ్గేదీ ఓడేదీ అక్కడే.

హైదరాబాద్ పక్కన మందుల ఫ్యాక్టరీలున్న పటాన్‌చెరు సంగతి నీకు తెలిసిందే. నక్కవాగు ఊళ్ల తరఫున 1990లో సుప్రీంకోర్టుకెక్కిన పిటిషన్ 2001లో హైకోర్టుకొచ్చి, తర్వాత గ్రీన్ ట్రిబ్యునల్‌కు చేరింది. అన్నేళ్లు పట్టడానికి ఉన్న కారణాల్లో ఒకటి, ఒకే వాగులోకి ఎన్నో ఫ్యాక్టరీల నీళ్లు రావడం, ప్రతివాడూ పక్కవాడి వైపు వేలు చూపడం. ఆ కలగాపులగంలో గట్టిగా నిలబడే సాక్ష్యం మందు పేరే. దాదాపు 90 ఫ్యాక్టరీల వ్యర్థజలాలు వచ్చే అక్కడి శుద్ధి ప్లాంటు నుంచి, శుద్ధయ్యాక బయటికొచ్చిన నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు. టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన లవణాలు ఎక్కువున్నాయంటే భూమి గుణం అని కొట్టిపారేస్తారు. యాంటీబయాటిక్ భూమిలో పుట్టిందని ఎవరూ అనలేరు.

అందుకని ముందుగా పొల్యూషన్ బోర్డుకు ఆర్టీఐ పెట్టండి. ఆ ఫ్యాక్టరీకి ఇచ్చిన సీఎఫ్‌ఓ (నడపడానికి బోర్డు ఇచ్చే అనుమతి) ప్రతులన్నీ, ప్రమాదకర వ్యర్థాల లెక్క చెబుతూ కంపెనీ ఏటా ఇచ్చిన ఫారం 4 రిటర్నులు, ఆ వ్యర్థాల లారీలతో వెళ్లే మేనిఫెస్టులు (ఎంత సరుకు ఎక్కడికెళ్లిందో రాసే చీటీలు) అడగండి. సీఎఫ్‌ఓలో ఏ మందులు, ఏ సాల్వెంట్లు (తయారీలో వాడే ద్రావకాలు) అన్నది ఉంటుంది. ల్యాబ్‌లో పరీక్ష చేయించాల్సింది ఆ జాబితాలోని వాటికే. కాలనీ వాళ్లు మామూలుగా చేయించే కఠినత, క్లోరైడ్ల పరీక్ష మన కేసును ఒక్క అడుగు కూడా ముందుకు నడపదు.

ఆ కాగితాల్లో నేను అన్నిటికంటే ముందు చూసేది ఒక కూడిక. ఏడాదికి ఎంత వ్యర్థం పుడుతుందని కంపెనీ చెప్పింది, మేనిఫెస్టుల ప్రకారం దుండిగల్ పూడ్చివేత కేంద్రానికో సిమెంటు ఫ్యాక్టరీలకో ఎంత వెళ్లింది. రెంటికీ మధ్య తేడా ఉంటే ఆ మిగిలిన సరుకు ఎక్కడుందో చెప్పాల్సింది కంపెనీయే. ఆవరణలోనే గొయ్యి తవ్వి పూడ్చారేమోనని అక్కడ పనిచేసిన పాత కార్మికులను అడగండి. డ్రమ్ములు ఏ మూల పెట్టేవారో వాళ్లకు ఇప్పటికీ గుర్తుంటుంది.

నీళ్లు పట్టడం చిన్న పని అనుకోవద్దు. సంపులోంచో ఓవర్‌హెడ్ ట్యాంకులోంచో కాదు, బోరు మూతి దగ్గరే పట్టాలి. మోటరు కాసేపు నడిపి పైపులోని పాత నీళ్లు పోనిచ్చాక, ఎన్‌ఏబీఎల్ గుర్తింపున్న ల్యాబ్ ఇచ్చిన సీసాల్లోకే పట్టండి. సాల్వెంట్ల పరీక్షకైతే గాజుసీసా అంచుదాకా నింపి మూత బిగించాలి. లోపల గాలి బుడగ మిగిలితే సాల్వెంటు అందులోకి ఎగిరిపోయి రిపోర్టులో తక్కువ చూపిస్తుంది. ఐసు పెట్టెలో ఆ రోజే చేర్చాలి. ఫ్యాక్టరీకి ఎగువనున్న ఒక బోరు నీళ్లూ తప్పక తీయండి. ఎగువ శుభ్రంగా ఉండి దిగువ చెడిందని తేలితే సగం వాదన అయిపోయినట్టే. ఇద్దరు సాక్షుల సంతకాలు, ఫోనులో వీడియో ఉండాలి. కంపెనీ మీద క్రిమినల్ కేసుకు మాత్రం ఈ నమూనా చాలదు, నీటి చట్టం 21వ సెక్షన్ పద్ధతిలో బోర్డే తీయాలి. మీ రిపోర్టు బోర్డును కదిలించడానికి.

2025 జులైలో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణ నియమాలు తెచ్చింది. ఇన్నేళ్లూ ఇలాంటి పాతబడ్డ స్థలాన్ని గుర్తించి శుభ్రం చేయించడానికి మన దగ్గర ప్రత్యేక దారి లేదు. ఇప్పుడు అనుమానిత స్థలాల జాబితా జిల్లా యంత్రాంగమూ స్థానిక సంస్థా పంపాలి, బోర్డు 90 రోజుల్లో ప్రాథమిక పరీక్ష చేయాలి, కాలుష్యం ఖాయమైతే బాధ్యుడెవరో తేల్చి శుభ్రపరిచే ఖర్చు వాడిచేతే పెట్టించాలి. కాబట్టి కలెక్టరుకూ మున్సిపల్ ఆఫీసుకూ సనత్‌నగర్‌లోని బోర్డుకూ ఒకే రోజు అర్జీ ఇచ్చి రశీదు ముద్ర వేయించుకోండి. ఔటర్ రింగ్ రోడ్డు లోపలి పాత పారిశ్రామిక స్థలాలు అపార్ట్‌మెంట్లుగా మారుతున్న ఈ రోజుల్లో ఈ నియమాలను జనం గట్టిగా వాడకపోతే, రేపు ఆ మట్టి మీదే పిల్లలు ఆడుకుంటారు. నాకు నిద్ర పట్టనిది దానికే.

ట్రిబ్యునల్‌కు వెళ్తే మనకు చెన్నై బెంచి. పర్యావరణ వివాదానికి 14వ సెక్షన్ కింద గడువు ఆరు నెలలే. పరిహారానికీ భూమిని బాగుచేయించడానికీ 15వ సెక్షన్ కింద ఐదేళ్లు. రెంటికీ తగిన కారణం చూపితే మరో అరవై రోజులు. మీ నీళ్లు ఎప్పటినుంచి చెడ్డాయో చెప్పేది ట్యాంకరు బిల్లులు, వాటిని పారేయకండి.

మొదటి వాయిదాకే డబ్బు డిపాజిట్ అడగండి. 2020 మే 7న విశాఖలో స్టైరీన్ గ్యాస్ లీకైతే మర్నాడే ట్రిబ్యునల్ ఆ కంపెనీని 50 కోట్లు కట్టమంది. అదే రాజస్థాన్‌లోని బిచ్చడి చూడు. రంగుల తయారీలో వాడే హెచ్ యాసిడ్ వ్యర్థాలతో బావులు పాడుచేసిన కంపెనీలే శుభ్రం చేసే ఖర్చు భరించాలని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది. 2011లో అదే కోర్టు 37 కోట్ల చిల్లర మీద 12 శాతం చక్రవడ్డీ వేయాల్సి వచ్చింది, అప్పటిదాకా కట్టనందుకు. తీర్పు రావడం వేరు, సొమ్ము రావడం వేరు. మీ కంపెనీ దివాలా ప్రక్రియలో ఉందేమో కనుక్కోండి. ఉంటే క్లెయిము గడువు దాటకుండా వేయాలి. పరిష్కార ప్రణాళిక ఆమోదం పొంది యాజమాన్యం మారితే పాత నేరాల నుంచి కంపెనీకి రక్షణ ఇచ్చే 32ఏ సెక్షన్ కూడా దివాలా చట్టంలో ఉంది.

ఇంకొకటి. మధ్యవర్తులు వచ్చి, ఇంటికింత ఇస్తాం, మంజీరా కనెక్షన్ ఇప్పిస్తాం, సంతకం పెట్టండి అంటారు. కనెక్షన్ తీసుకోండి, అది మీ హక్కు. కేసు వెనక్కి తీసుకుంటామన్న కాగితం మీద మాత్రం ఒక్కరు కూడా సంతకం పెట్టొద్దు. ఇంటికింత ఇస్తే మట్టి శుభ్రం కాదు, దిగువ కాలనీకి పాకడమూ ఆగదు.

ఆదివారం ఆ స్థలం ఈసీ (ఆస్తి లావాదేవీలు చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్), కంపెనీ పేర్లు మారిన వివరాలు, మీ దగ్గరున్న ట్యాంకరు బిల్లులు తీసుకుని ఇంటికి రా. కలెక్టరు అర్జీ ఇద్దరం కూర్చుని రాద్దాం.

నీ పెద్దమ్మ