వాట్సాప్‌లో చెప్పినా మాత్రలు మిగులుతున్నాయి

ప్రశ్న: మా ఆరోగ్య సబ్‌సెంటర్ కింద 40 మంది గర్భిణులు ఉన్నారు. వాట్సాప్ గ్రూపులో రోజూ వీడియోలు పెడుతున్నాను. అయినా ఇళ్లకు వెళ్లి చూస్తే ఐరన్ మాత్రల షీట్లు అలాగే ఉంటున్నాయి. లోపం ఎక్కడ?
– ఒక ఏఎన్‌ఎం (గ్రామ ఆరోగ్య కార్యకర్త)

జవాబు: ముందు ఆ 40 నంబర్లు ఎవరివో చూడండి. భర్త నంబరైతే ఆయన పనికి పోయినప్పుడు వచ్చిన వీడియో ఆమె దాకా రాదు. తొలికాన్పుకు పుట్టింటికి వెళ్లాక ఇక చెప్పనే అక్కర్లేదు. పుట్టింటి నంబరు కూడా ముందే రాసిపెట్టుకోండి.

గ్రూపు బదులు వాట్సాప్‌లోనే ఉండే బ్రాడ్‌కాస్ట్ లిస్టు మేలు, ఒకే మెసేజ్ అందరికీ విడివిడిగా వెళ్తుంది. ఒక్కో లిస్టులో 256 మంది పడతారు, ఒకరి నంబరు మరొకరికి కనబడదు, కుంకుమపువ్వు చర్చలూ ఉండవు. ఒక్కటే చిక్కు: మీ నంబరు ఆమె ఫోనులో సేవ్ అయి ఉండకపోతే మెసేజ్ చేరదు. చెకప్‌కు వచ్చినప్పుడు మీ ఎదుటే సేవ్ చేయించండి. కాన్పు నెలను బట్టి లిస్టులు విడగొట్టండి. ఆఖరి నెలసరి మొదటి రోజుకు 9 నెలల 7 రోజులు కలిపితే కాన్పు తేదీ వస్తుంది. జనవరి 10 అయితే అక్టోబరు 17. మూడో నెల అమ్మాయికి ఉమ్మనీరు పోవడం గురించి పంపితే భయపెట్టినట్టే.

వీడియోకు డేటా కావాలి, తీరికా కావాలి. మీ గొంతుతో నిమిషం లోపు వాయిస్ పంపండి, అందులో ఒక్క సంగతే చెప్పండి: ‘‘అమ్మా, ఐరన్ మాత్ర అన్నం తిన్న రెండు గంటలకు వేసుకో. టీతో వద్దు, కాల్షియంతో కలిపి వద్దు. విరేచనం నల్లగా అవుతుంది, అది మాత్ర రంగే, భయపడకు.’’ ఆ నలుపు చూసీ, వికారానికీ మాత్ర మానేసేవాళ్లు చాలామంది. ఈ ముక్క చెప్పకుండా 180 మాత్రలు చేతిలో పెడితే షీట్లు మిగలక ఏమవుతాయి?

వాయిస్ విన్నాక మైకు బొమ్మ నీలం రంగుకు మారుతుంది. అది విన్నారనడానికే గుర్తు, మింగారని కాదు. వారానికోసారి ఖాళీ షీటు ఫొటో అడగండి.

రక్తస్రావం, ఫిట్స్, తగ్గని తలనొప్పి, చూపు మసక, బిడ్డ కదలిక తగ్గడం: వీటికి మెసేజ్ పెట్టి జవాబు కోసం కూర్చోవద్దని, 108కి ఫోన్ చేయమని మొదటి వాయిస్‌లోనే చెప్పండి.

ప్రశ్న: మొబైల్ యాప్ గర్భం 22 వారాలంటోంది, స్కాన్ రిపోర్టు 20 అంటోంది. ఏది నమ్మాలి?

జవాబు: యాప్ మీరిచ్చిన నెలసరి తేదీని పట్టుకుని, 28 రోజుల చక్రం అనుకుని లెక్క వేస్తుంది. నెలసరి ఆలస్యంగా వచ్చేవారికి ఈ లెక్క తప్పుతుంది. మొదటి మూడు నెలల్లో తీసిన స్కాన్ చూసి డాక్టరు ఖాయం చేసిన కాన్పు తేదీని యాప్‌లో ఎక్కించండి. తర్వాతి స్కానులు ఎదుగుదల చూడడానికి. వాటిని చూసి మీరే తేదీ మార్చకండి.