బైపాస్ దిగితేనే ఊరు కనిపిస్తుంది

కారులో దూర ప్రయాణం పెట్టుకున్నామని, దారిలో అందమైన చోట్లు, ముచ్చటైన చిన్న ఊళ్లు కనిపెట్టడానికి ఏ యాప్ మంచిదో చెప్పమని అడిగారు. యాప్ సంగతి తర్వాత. ముందు బైపాస్ దిగండి.

ఒకసారి అన్నయ్యా నేనూ వెళ్తుంటే హైవే ఒక చోట రెండుగా చీలింది. ఎడమకు వెడల్పాటి కొత్త రోడ్డు, కుడికి రంగు వెలిసిన బోర్డు మీద ఒక ఊరి పేరు. నేను పట్టుబట్టి కుడికి తిప్పించాను. కాస్త దూరం పోగానే పైన కొమ్మలు కలిసిపోయిన పెద్ద చెట్లు, ఆ తర్వాత పల్లంలో నది, దాని మీద పాత రాతి వంతెన. కారు పక్కన ఆపి నడిచాం. ప్రవాహం ఎదురొచ్చే వైపు ప్రతి స్తంభానికీ మొనదేలిన రాతికట్టు ఉంది. వరద నీరు దానికి తగిలి రెండు పాయలై కమానుల కిందకు జారిపోవడానికి కట్టిన ఏర్పాటు అది. రాళ్ల మీద ఒకదాని పైన ఒకటిగా నీటిమట్టం గీతలు. వంగి చూస్తుంటే, గొడుగు చంకన పెట్టుకున్న ఒక పెద్దాయన ఆగి, "పైనుంచి ఏమి కనిపిస్తుంది బాబూ? రేవు మెట్లు దిగి చూడండి" అన్నారు. దిగాం. నీరు కదలకుండా ఉంది. అర్ధవృత్తాల కమానులు, నీటిలో వాటి ప్రతిబింబాలు కలిసి నిండు వలయాలై ఆ ఒడ్డు దాకా వరుసగా నిలిచాయి. దూరంగా, ఎత్తున, కొత్త వంతెన మీద లారీలు ఆగకుండా పోతున్నాయి. అక్కడి నుంచి చూసేవారికి ఇదంతా కనిపించే వీలే లేదు.

అలాంటి చోట ఊరు ఉండడం యాదృచ్ఛికం కాదు. నది ఇరుకై, పునాదికి రాయి దొరికే చోట వంతెన కట్టేవారు. దాటడానికి బండ్లు ఆగేవి, ఆగిన చోట సంత, సత్రం, వీధి వెలిసేవి. కొత్త రహదారి వేసేవారికి ఇవేవీ అక్కర్లేదు, వారికి కావలసింది తిన్నటి గీత. అమెరికాలో రూట్ 66 సంగతే చూడండి. 1926లో మొదలైన ఆ దారి మీద ఎన్నో ఊళ్లు బతికాయి. 1978లో కొత్త ఇంటర్‌స్టేట్ రోడ్డు అరిజోనాలోని సెలిగ్మన్‌ను తప్పించి వెళ్లగానే ఆ ఊరు బోసిపోయింది. 1985లో అధికారిక రహదారుల జాబితా నుంచి రూట్ 66నే తీసేశారు. సెలిగ్మన్‌లో క్షురకుడైన ఏంజెల్ డెల్గాడిలో తోటివారిని కూడగట్టి, 1987లో రాష్ట్రం చేత పాత దారికి చారిత్రక గుర్తింపు తెప్పించారు. ఇప్పుడు దేశదేశాల వాళ్లు ఆ పాత దారి కోసమే వస్తున్నారు.

ఇక రేటింగులు చూసి బయలుదేరేవారి మీద నాకు నిజంగానే కోపం. పార్కింగ్ ఇరుకుగా ఉందని ఒక జలపాతానికి రెండు చుక్కలు వేసేవారి మాట పట్టుకుని దారి మార్చుకుంటారా? ఎన్ని గంటల్లో చేరామన్నదే గొప్పగా చెప్పుకునే మిత్రులు నాకూ ఉన్నారు. మధ్యలో ఏమి చూశారంటే టోల్‌గేట్ల పేర్లు తప్ప చెప్పలేరు.

మ్యాపు చూడాలనుకుంటే ఇలా చూడండి. పాత రోడ్డు కొత్తదాని నుంచి విడిపోయి, నెలవంకలా వంగి, మళ్లీ వచ్చి కలిసే చోటు వెతకండి. దాదాపు ఎప్పుడూ ఆ వంపులో ఒక ఊరు ఉంటుంది. ఎత్తులు చూపే గీతలు ఒకదానికొకటి దగ్గరగా కిక్కిరిసి ఉంటే అక్కడ వాలు నిటారుగా ఉందని అర్థం. ఆ గీతల మధ్య రోడ్డు మెలికలు తిరిగితే, పై మలుపు దగ్గర లోయ చాలావరకు కనిపిస్తుంది. అక్కడికి మిట్టమధ్యాహ్నం కాకుండా పొద్దువాలే వేళకు చేరండి. ఏటవాలు ఎండలో కొండల మడతలు ఒక్కొక్కటిగా తేలతాయి.

యాప్ అడిగారు కనుక: మీ ఫోనులో ఇప్పటికే ఉన్న గూగుల్ మ్యాప్స్ చాలు. అందులో హైవేలను తప్పించే ఎంపిక పెట్టుకోండి, కొండల్లో సిగ్నల్ పోతుంది కాబట్టి ఆ ప్రాంతపు మ్యాపును ముందే దించుకోండి. పాత దారుల్లో పెట్రోలు బంకులు తక్కువ, హైవే దిగే ముందే ట్యాంకు నింపుకోండి.